జీను చూడగానే చెవులు వాల్చే గుర్రం

బెంగళూరు ఎలహంక నుంచి ఒక పాఠకురాలు ఎంతో వివరంగా ఉత్తరం రాశారు. సొంత ఊరు అనంతపురం. వయసు 43 ఏళ్లు. ఒక ఐటీ సంస్థలో ఉద్యోగం. నగర శివార్లలోని ఒక రైడింగ్ స్కూల్లో కొన్నేళ్లుగా స్వారీ నేర్చుకుంటున్న ఆమె, రేసుల నుంచి విరమించి అక్కడికి వచ్చిన తొమ్మిదేళ్ల థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి) ఆడగుర్రాన్ని కిందటి ఏడు సొంతం చేసుకున్నారు. దాని పేరు మేఘ. మొదటి నాలుగైదు నెలలు స్వారీ సాఫీగానే సాగిందట. ఆ తర్వాత జీను తెస్తుంటేనే మేఘ చెవులు వెనక్కి వాల్చడం, పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే తల తిప్పి కరవబోవడం, ఎక్కబోతే నిలవకుండా కదిలిపోవడం, పగ్గాలు లాగితే ఆగకపోగా ఇంకా వేగం పెంచడం మొదలైంది.

స్వారీ నేర్పిన మాస్టారు, గుర్రానికి యజమాని ఎవరో తెలియజెప్పాలని, గట్టి కళ్లెం, కొరడా లేకుండా ఇది దారికి రాదని, మూడు నెలలు తనకు అప్పగిస్తే సరిచేసి ఇస్తానని అంటున్నారు. ఈమె మాత్రం కొట్టకుండా, భయపెట్టకుండా నేర్పే పద్ధతుల గురించి చదివి, నేల మీద నిలబడి చేసే సాధన మొదలుపెట్టారు. ఇప్పుడు మేఘ తాడు లేకుండానే ఆమె వెంట నడుస్తుంది, గేటు దగ్గర ఆమె గొంతు వినగానే సకిలిస్తుంది. జీను కనబడిందంటే మాత్రం ఆ చనువంతా మాయమవుతుంది. శాంతపరచడానికి క్యారెట్ ఇస్తున్నారు. మరీ కోపంగా తల తిప్పితే జీను దించేసి కాసేపు ఆగుతున్నారు. కదలనంటే కొట్టకుండా, వచ్చేదాకా తాడును మెల్లగా గుంజుతూ ఉంటున్నారు. ఈమధ్యే ఇంకొక సంగతి తెలిసింది. మేఘను చూసుకునే సైస్, మదనపల్లె నుంచి వచ్చిన తెలుగు మనిషి, ఈమె లేనప్పుడు అది కరవబోతే మూతి మీద కొడుతున్నాడట, అదీ మాస్టారు చెప్పినందుకే. అతణ్ణి అడగడానికి ఈమెకు నోరు రాలేదు. ఎక్కడానికి పనికిరాని జంతువుకు నెలనెలా ఇంత డబ్బు ఎందుకని భర్త అడుగుతున్నారు. మేఘను ఎక్కాలని సరదాపడే 13 ఏళ్ల కూతురు, “అమ్మా, అసలు దానికి నువ్వంటే ఇష్టమేనా?” అని అడిగింది. చిన్నప్పుడు తాతగారు చెప్పిన నలుడి కథలోని అశ్వహృదయం (గుర్రాల మనసెరిగే విద్య) లాంటిది తనకు అబ్బదేమో అని బాధపడుతూ ఆమె అడిగిన ప్రశ్న ఇది: “మృదువుగా నేర్పడమన్నది నా చేతగానితనానికి నేను పెట్టుకున్న పేరా? దాన్ని మాస్టారికి అప్పగించనా, అమ్మేయనా, ఎక్కడమే మానుకోనా?”

అమ్మా, మీరు మూడు దారులు రాశారు. ఆ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలన్నా ముందు తేలవలసిన విషయం ఒకటి ఉంది. మేఘ నమ్మకం గురించి, కోపం గురించి, మీ మీద దానికున్న ఇష్టం గురించి మీ ఉత్తరం నిండా ఉంది కాని, దాని పళ్ల గురించి, వీపు గురించి, కడుపు గురించి ఒక్క వాక్యం కూడా లేదు. మొదటి నాలుగైదు నెలలు జీను వేయనిచ్చిన గుర్రం తర్వాత వద్దంటోందంటే, మధ్యలో దాని ఒంట్లో ఏదో మారి ఉండవచ్చు. మొండితనం అనే మాట వాడేముందు ఆ అవకాశాన్ని పూర్తిగా పరీక్షించాలి.

గుర్రం కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. పచ్చికలో వదిలేస్తే అది రోజులో సగానికి పైగా సమయం మేస్తూనే గడుపుతుంది కనుక ఆ ఆమ్లానికి ఎప్పుడూ ఏదో ఒక మేత అడ్డుగా ఉంటుంది. రేసు జీవితంలో అలా జరగదు. ఎక్కువ దాణా, తక్కువ గడ్డి, గంటల తరబడి నాలుగు గోడల మధ్య నిలబడటం, వీటికి తోడు రోజూ తీవ్రమైన పరుగు. అందుకే రేసు గుర్రాలలో కడుపు పుండ్లు చాలా ఎక్కువ. రేసులు మానేసినంత మాత్రాన అవి మానిపోతాయని చెప్పలేం. రైడింగ్ స్కూల్లో కూడా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాణా పెట్టి మధ్యలో గాడి ఖాళీగా ఉంచితే కొత్తవి పుట్టవచ్చు. పొట్ట కింద పట్టీ బిగించేటప్పుడు తల తిప్పి కరవబోవడం ఆ పుండ్ల వల్ల కూడా జరుగుతుంది. ఎండోస్కోపీతో చూస్తే తెలుస్తుంది, మందులతో, మేత మార్పుతో నయమవుతుంది.

ఇక పళ్లు. గుర్రం దవడ పళ్లు జీవితంలో ఎక్కువ కాలం పైకి వస్తూనే ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేనప్పుడు అంచులు కత్తిలా పదునెక్కి బుగ్గ లోపల గాయం చేస్తాయి. ఏడాదికి ఒకసారైనా పరీక్షించి ఆకురాయితో సరిచేయించకపోతే, అలాంటి నోట్లో కళ్లెం పెట్టి లాగినప్పుడు అది తల ఎగరేయడంలో ఆశ్చర్యం లేదు. మూడోది జీను. రేసులు మానిన గుర్రం వీపు కండరాలు నెలల్లోనే ఆకారం మార్చుకుంటాయి. కిందటి ఏడు సరిగ్గా కూర్చున్న జీను ఈ ఏడు మూపును నొక్కుతూ ఉండవచ్చు. స్వారీ తర్వాత జీను తీసి చూడండి. వీపంతా చెమటతో తడిసి, అక్కడక్కడ మాత్రం పొడిగా మచ్చలు మిగిలితే, లేదా మునుపు లేని తెల్లవెంట్రుకలు కనిపిస్తే, జీను ఆ చోట నొక్కుతోందేమోనని అనుమానించాలి.

నలుడి కథను మీరే ప్రస్తావించారు కనుక ఒక మాట. ఋతుపర్ణ మహారాజు కోసం బాహుకుడు, అంటే మారురూపంలో ఉన్న నలుడు, బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకున్నప్పుడు రాజు సందేహించాడు. బాహుకుడు వాటి ఒంటి మీది లక్షణాలు చూపించి ఎందుకు ఎంచుకున్నాడో చెప్పాడు. అశ్వహృదయం తెలిసినవాడు కూడా మొదట చూసింది శరీరాన్నే. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది. గుర్రాలతో అనుభవం ఉన్న పశువైద్యుల కోసం అక్కడ విచారించవచ్చు. వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు జీను వేసేటప్పుడు, ఎక్కినప్పుడు మేఘ ఎలా ఉంటుందో ఎవరిచేతనైనా వీడియో తీయించండి. స్యూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు 2018లో, స్వారీ సమయంలో గుర్రం చూపే 24 ప్రవర్తనలతో ఒక పట్టిక ప్రచురించారు. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, తోక విసరడం, నోరు తెరవడం, కదలడానికి నిరాకరించడం వంటివి అందులో ఉంటాయి. వాటిలో 8 లేదా అంతకు మించి కనిపిస్తే ఒంట్లో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని ఆమె పరిశోధన చెబుతుంది. అది మీకు, వైద్యుడికి ఇద్దరికీ ఉపయోగపడుతుంది. ఈ దారికి ఖర్చు ఉంది, కొన్ని వారాలు స్వారీ ఆపవలసి వస్తుంది, చివరికి ఏమీ దొరకకపోవచ్చు కూడా. దొరకకపోయినా, నొప్పి లేదని తెలిసి నేర్పడానికీ, ఉందేమోనన్న అనుమానంతో నేర్పడానికీ ఎంతో తేడా ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, మృదుత్వం చేతగానితనమా అన్నది. కాదు. అయితే మీరు మృదుత్వం అనుకుంటున్నదానిలో కొంత భాగం మేఘకు మృదువుగా అందడం లేదు. గుర్రం నేర్చుకునే తీరులో ఒక సూత్రం ఉంది: ఒత్తిడి ఏ క్షణంలో తొలగిందో, ఆ క్షణంలో తాను చేస్తున్న పనే ఒత్తిడిని తొలగించిందని అది గుర్తుపెట్టుకుంటుంది. మీరు రాసిన మూడు పనులను ఈ సూత్రం పక్కన పెట్టి చూడండి. మేఘ కోపంగా తల తిప్పిన క్షణంలో మీరు జీను దించారు. తల తిప్పితే జీను పోతుందని అది నేర్చుకుంది. చెవులు వాల్చి ఉన్నప్పుడు క్యారెట్ ఇచ్చారు. చెవులు వాల్చితే క్యారెట్ వస్తుందని నేర్చుకుంది. తాడును వచ్చేదాకా గుంజుతూనే ఉన్నారు. ఒంటి మీద ఈగ వాలినా చర్మం అదిలించే జంతువుకు ఆగకుండా సాగే చిన్న గుంజుడు అర్థం లేని వేధింపుగానే తోస్తుంది. కొంతకాలానికి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మీ మంచి మనసు మీద నాకు ఏ అనుమానమూ లేదు. కాని గుర్రానికి మన ఉద్దేశం కనబడదు, మన చేతుల కదలిక, అది ఆగిన సమయం మాత్రమే తెలుస్తాయి.

తాడు విషయంలో మార్పు సులువు. అతి తేలికగా అడగండి, ఆగండి. సమాధానం లేకపోతే కొంచెం పెంచండి. అది బరువును ముందుకు మార్చిన క్షణంలోనే, ఇంకా అడుగు వేయకముందే, తాడును పూర్తిగా వదులు చేయండి. సగం వదలడం కాదు, పూర్తిగా. కొన్ని రోజుల్లో మీరు చెయ్యి ఎత్తడానికి ముందే అది కదలడం చూస్తారు.

జీను విషయంలో ఓపిక ఎక్కువ కావాలి. వైద్యుడు సరేనన్న తర్వాత, జీనుతో మేఘ వైపు నడవండి; మీ నడక చూసి దాని చెవి మొదటిసారి బిగుసుకునే దూరం ఒకటి ఉంటుంది. అది పది అడుగులు కావచ్చు, ముప్పై కావచ్చు. అక్కడే ఆగండి. దాని కన్ను మెత్తబడి రెప్పవేసినప్పుడు, తల కొంచెం కిందికి దిగినప్పుడు, ఊపిరి వదిలినప్పుడు, జీనుతో వెనక్కి నడిచి వెళ్లిపోండి. ఇంతవరకూ మీరు చేసిన పనే ఇది, జీను దూరం చేయడమే. ఇంతకుముందు బెదిరింపు తర్వాత దూరం చేశారు, ఇప్పుడు శాంతం తర్వాత దూరం చేస్తారు. కొన్ని క్షణాల తేడాతో అది నేర్చుకునే పాఠం పూర్తిగా తలకిందులవుతుంది. ఆ దూరం రోజురోజుకూ తగ్గుతుంది. క్యారెట్ మానక్కరలేదు, చెవులు ముందుకు వచ్చి, తల తిన్నగా ఉన్నప్పుడే ఇవ్వండి. అంతకన్నా మేలైనది, జూలు ముగిసే చోట మూపు మీద గోకడం. గుర్రాలు ఒకదానికొకటి గోక్కునే చోటు అదే, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారు. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి సుమారు 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ కింద వేళ్లు పెట్టి నాడి చూడటం వైద్యుడి దగ్గర నేర్చుకోండి; జీను తెచ్చే ముందు ఒకసారి, దగ్గరికి వచ్చాక ఒకసారి చూస్తే, బయటికి శాంతంగా కనబడుతున్నది నిజంగా శాంతంగా ఉందో లేదో మీకే తెలుస్తుంది. ఈ సాధన చేస్తున్నంతసేపూ మేఘను కట్టేయవద్దు. వెళ్లిపోగలనని తెలిసిన గుర్రం నిలబడటమే మీకు కావలసిన సమాధానం. పట్టీని ఒక్కసారిగా బిగించకుండా ఒక రంధ్రం బిగించి నాలుగడుగులు నడిపించి, మళ్లీ ఒక రంధ్రం.

జీను ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేస్తున్నానని మీరు రాశారు. దాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో కొట్టి లెక్కలకు జవాబులు చెబుతుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద పేరు వచ్చింది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి తేల్చినదేమిటంటే, దానికి లెక్కలు రావు. ప్రశ్న అడిగిన మనిషి తనకు తెలియకుండానే తల, భంగిమ రవ్వంత మార్చినప్పుడు అది ఆగిపోతోంది. అడిగినవారికే తెలియని కదలికను చదవగలిగిన జాతి ఇది. మీరు భయపడనట్టు నటించలేరు. కనుక భయం వేసినప్పుడు ఊపిరి వదిలి, జీను కింద పెట్టి, మళ్లీ మొదలుపెట్టడమే సరైన పని. అదీ అది చెవులు వాల్చకముందే.

ఎక్కేటప్పుడు నిలవకపోవడం, పగ్గాలు లాగితే వేగం పెంచడం, ఈ రెండింటినీ మాస్టారు అవిధేయత అంటున్నారు. మేఘకు తెలిసిన జీవితంలో ఇవే సరైన పనులు. రేసు గుర్రాన్ని చాలాసార్లు నడిపిస్తూనే జాకీని పైకి ఎక్కిస్తారు. మెట్టు పక్కన కదలకుండా నిలబడమని దాన్ని ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. పరుగులో అది బిగువుగా ఉన్న పగ్గాలకు ఆనుకుని ఇంకా వేగంగా వెళ్లడం నేర్చుకుంది. మీరు లాగినకొద్దీ అది పాత అర్థమే తీసుకుంటుంది. నేల మీద నిలబడి, ఒక పగ్గాన్ని మాత్రమే తేలికగా పట్టి, ఆగగానే వదిలేస్తూ, ఆగడం అంటే ఏమిటో కొత్తగా నేర్పాలి. ఇది నెలల పని.

మాస్టారికి అప్పగించే విషయం. ఆయన్ని నేను చెడ్డవారిగా చూడటం లేదు. నాలుగైదు వందల కిలోల జంతువు పక్కన విద్యార్థులు ఉంటారు, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఆయనది; భయం నుంచి వచ్చే కఠినత్వం ఆయన మాటల్లో నాకు కనబడుతోంది. మూడు నెలల్లో మేఘ జీను వేయనివ్వవచ్చు కూడా. కాని దాని వెనక నొప్పి ఉంటే నొప్పి అలాగే ఉండి, చెప్పడం మాత్రమే ఆగిపోతుంది. చెవులు వాల్చడం, తల తిప్పడం హెచ్చరికలు. వాటిని శిక్షించి మాన్పించిన గుర్రం ఒకనాడు హెచ్చరిక లేకుండానే తన్నవచ్చు. ఏం చేసినా లాభం లేదని తెలుసుకుని అచేతనంగా నిలబడిపోయే గుర్రాలూ ఉన్నాయి, దూరం నుంచి చూసేవారికి అవి బుద్ధిమంతమైనవిగా కనిపిస్తాయి. పైగా ఆయన చేతిలో నేర్చుకున్నది ఆయన చేతిలోనే నిలుస్తుంది. మీ చేతికి వచ్చాక కొరడా పట్టడానికి మీరు సిద్ధంగా లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. మృదుత్వం బలహీనుల పద్ధతి అని ఎవరైనా అంటే, బెంగళూరుకే చెందిన ఫవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచిన ఈవెంటింగ్ అనే గుర్రపుస్వారీ పోటీని గుర్తుచేయండి. ఆ స్థాయిలో కూడా గుర్రాన్ని వైద్యుల, న్యాయనిర్ణేతల ముందు నడిపించి, అది ఆరోగ్యంగా ఉందని వారు ఒప్పుకుంటేనే పోటీకి రానిస్తారు. కొరడా వాడకానికి హద్దులు, హద్దు దాటితే శిక్షలు అక్కడా ఉన్నాయి.

అన్నిటికంటే మీరు వాయిదా వేస్తున్నది సైస్‌తో మాట్లాడటం. మీరు మేఘ దగ్గర ఉండేది రోజుకు గంటో రెండు గంటలో. మిగతా సమయమంతా అతనిదే. మీ చేతుల్లో ఒక నియమం, అతని చేతుల్లో మరొకటి ఉన్నంతకాలం దానికి ఏ మనిషి చెయ్యి ఎప్పుడు దెబ్బగా మారుతుందో తెలియదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం జంతువును అనవసరంగా బాధ కలిగేలా కొట్టడం నేరమే. ఆ మాటతో మాత్రం మొదలుపెట్టవద్దు. అతను పై మాట విన్నాడు, తన చెయ్యి కాపాడుకున్నాడు. “అన్నా, మీరు దాన్ని నాకంటే ఎక్కువసేపు చూస్తారు. ఏ వేళలో ఎక్కువ చిరాకు పడుతోంది, మేత ముందా తర్వాతా, ఏ పక్క తాకితే ఒప్పుకోదు?” అని అడగండి. అతనికి తెలిసినవి వైద్యుడికి ఎంతో అవసరం. పరీక్ష రోజున అతణ్ణి పక్కనే ఉండమనండి. ఆ తర్వాత చెప్పండి: “ఇకమీదట అది కరవబోతే కొట్టవద్దన్నా. పక్కకు జరగండి, పని ఆపి నాకు చెప్పండి. పని మధ్యలో ఆగిందని మిమ్మల్ని ఎవరైనా అంటే నేను చెప్పానని చెప్పండి.” ఈ చివరి మాట నిలబెట్టుకోవాలంటే మాస్టారితో మీరే మాట్లాడాలి. గురువుగారికి ఎదురు చెప్పడం మీకు కష్టమని ఉత్తరమంతటా తెలుస్తోంది. గౌరవం తగ్గకుండానే, వైద్యుడి నివేదిక చేతికి వచ్చేవరకు మేఘను ఎవరూ ఎక్కకూడదని, శిక్షించకూడదని యజమానిగా మీరు కోరవచ్చు. ఆయన ఒప్పుకోకపోతే మరో గుర్రపుశాల వెతకాలి. దానికి మూల్యం ఉంటుంది: దూరం పెరగవచ్చు, అలవాటైన తోటి గుర్రాలు దూరమై మేఘ కొన్ని వారాలు కలత పడుతుంది, సైస్ కూడా మారతాడు. అయినా, కొట్టడం ఆగని చోట మీ సాధన ఎంత మంచిదైనా నిలవదని నా అభిప్రాయం.

అమ్మడం గురించి మీ వారు అడిగింది న్యాయమైన ప్రశ్న. గుర్రాలు 25, 30 ఏళ్లు బతుకుతాయి. మేఘకు ఇప్పుడు తొమ్మిది. కోపదారి గుర్రమన్న పేరుతో చేతులు మారితే అది ఎక్కడ ఆగుతుందో మీరు చూడలేరు కనుక, ఇవ్వవలసి వస్తే పరీక్షలన్నీ అయ్యాక, ఉన్నది ఉన్నట్టు చెప్పి, మళ్లీ అమ్మాలనుకుంటే ముందు మీకే చెప్పాలన్న రాతపూర్వక ఒప్పందంతో ఇవ్వండి. ఉంచుకుని ఎక్కకపోవడమూ గౌరవమైన దారే. చేతితో నడిపించడం, పచ్చికలో వదలడం, నేల మీద ఆటలు దానికి చాలినంత జీవితం. కాని అది ఏళ్ల తరబడి సాగే ఖర్చు. ఆ లెక్క ఇద్దరూ కూర్చుని వేసుకోవాలి, భర్తకు చెప్పకుండా మీరొక్కరే మోయకూడదు. వైద్యం పూర్తయిన రోజు నుంచి ఆరు నెలలు గడువు పెట్టుకోమని నా సలహా. ఆ గడువులో స్వారీ జరిగిందా అని కాకుండా, కట్టేయకుండా జీను వేయనిస్తోందా, చెవులు వాల్చే దూరం తగ్గుతోందా అని చూడండి. తగ్గుతుంటే గడువు పొడిగించమని అడిగే ఆధారం మీకుంటుంది. ఏమాత్రం తగ్గకపోతే దానికి స్వారీ ఇష్టం లేదన్న సమాధానాన్ని అంగీకరించడానికి మీరు సిద్ధపడాలి. వద్దనే వీలు ఇచ్చిన తర్వాతే అవునన్న జవాబుకు విలువ.

మీ అమ్మాయి ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పండి: గేటు దగ్గర సకిలిస్తోందంటే మీ రాక దానికి మంచి విషయమే, జీను మాత్రం ఇంకా కాదు. ఆమె ఇప్పుడే మేఘను ఎక్కకూడదు, ఎంత బతిమాలినా. జీను సాధన జరుగుతుంటే కంచె అవతల నిలబడి, చెవి ఎంత దూరంలో కదిలింది, ఎప్పుడు ఊపిరి వదిలింది అన్నది పుస్తకంలో రాసిపెట్టే పని ఆమెకు ఇవ్వండి. ఆ రాతలు ఆరు నెలల తర్వాత మీ ముగ్గురికీ పనికొస్తాయి. సాధన లేని వేళల్లో మీరు పక్కన ఉండగా మూపు దగ్గర బ్రష్ చేయనివ్వండి. సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా ఉన్నవి గుర్రానికి కనబడవు కనుక ఆమె ఎప్పుడూ భుజం వైపు నుంచే, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లాలి. నేల మీద పనికి కూడా హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి.